ఒకటి వినడానికి బాగుంది, ఇంకొకటి పెట్టుకోవడానికి బాగుంది: రెండు ఐఈఎంలను సరిగ్గా పోల్చేదెలా?

శ్రుతిపెట్టె:

నమస్కారం అండి. నా దగ్గర వైరున్న ఐఈఎంలు, అంటే చెవి కాలువలోకి దూర్చి పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, రెండున్నాయి. మొదటిది రెసిన్ బాడీ, లోపల 10 మి.మీ. డైనమిక్ డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), కేబుల్ చెవి పైనుంచి తిప్పి పెట్టుకోవాలి, నాజిల్ (చెవిలోకి వెళ్లే గొట్టం) లావు 6 మి.మీ. పైనే. రెండోది బుల్లెట్ ఆకారంలో సన్నటి స్టీలు గొట్టం, 6 మి.మీ. పైచిలుకు డ్రైవర్, కేబుల్ నేరుగా కిందికి. వినేవి కర్ణాటక కచేరీలు, 1950లు, 60ల నాటి సినిమా పాటలు. రోజుకు మూడు నాలుగు గంటలు, అందులో గంటన్నర రైల్లో.

మొదటిదానిలో మృదంగం తొప్పి (ఎడమ మూత) నిండుగా పలుకుతుంది. కానీ ముప్పావుగంట దాటితే చెవి నొప్పి. రెండోది చెవిలో ఉన్నట్టే తెలియదు. కానీ తంబూరా పలచబడుతుంది, మృదంగానికి కుడి మూత ఒక్కటే ఉన్నట్టు వినిపిస్తుంది, గాత్రంలో స, ష, చ గుచ్చుకుంటాయి. రెంటికీ పెట్టెలో వచ్చిన మీడియం సిలికాన్ టిప్సే (నాజిల్ కొసకు తొడిగే మెత్తటి టోపీలు) వాడుతున్నాను.

ఈ తేడా డ్రైవర్లదా, ట్యూనింగ్‌దా (ఏ శబ్దం ఎంత గట్టిగా పలకాలో చేసిన సర్దుబాటు), పెట్టుకునే తీరుదా? న్యాయంగా పోల్చాలంటే ఏం చేయాలి? మూడోది కొనాల్సి వస్తే ఏ ఆకారం చూడాలి?


వినికిడి_ప్రియ:

ముందు సీల్, అంటే టిప్ చెవి కాలువను గాలి పోకుండా మూస్తోందా అన్న సంగతి, తేల్చుకోండి. అది తేలేదాకా రెండోదాని మీద తీర్పు ఇవ్వకండి. పలచటి బాస్, గుచ్చుకునే సకారం రెండూ ఒకే చోటి నుంచి రావచ్చు: టిప్ చిన్నదై పక్కనుంచి గాలి పోవడం, నాజిల్ చెవి గుమ్మంలోనే ఆగిపోవడం.

పెద్దవాళ్ల చెవి కాలువ పొడవు సుమారు 25 మి.మీ., వ్యాసం 7 మి.మీ. అటూ ఇటూ. అంటే లోపలున్న గాలి ఒక మిల్లీలీటరు. అంత కొద్ది గాలిని మూసిపెట్టి కుదించడం వల్లే వేలి గోరంత డ్రైవర్ కూడా 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) అంత కింది శబ్దాన్ని పలికించగలుగుతోంది. టిప్ పక్కన వెంట్రుకంత సందు ఉన్నా ఆ ఒత్తిడి బయటికి పోతుంది. పోయేది కింది శబ్దమే. మామూలుగా 200 హెర్ట్జ్ కిందినుంచి జారుడు మొదలవుతుంది, సందు పెద్దదైతే ఇంకా పైనుంచే. ఒకటో శ్రుతిలో పాడే గాత్రానికి ఆధార షడ్జం 130.8 హెర్ట్జ్, తంబూరాలో మంద్ర షడ్జం 65.4 హెర్ట్జ్. తొప్పిని కుడి మూతకు దాదాపు ఒక స్థాయి కింద పెడతారు. సీల్ పోతే ముందు పోయేవి సరిగ్గా ఇవే. పైశబ్దం మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి మొత్తం మీద సన్నగా, పదునుగా వినిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. టోన్ జనరేటర్ యాప్‌లో 40 హెర్ట్జ్, తర్వాత 300 హెర్ట్జ్ ఒకే వాల్యూమ్‌లో పెట్టండి. చెవికి కింది శబ్దాలు సహజంగానే తక్కువ వినిపిస్తాయి, కాబట్టి 40 మెత్తగా ఉండటం మామూలే. అసలు లేనట్టే ఉంటే సీల్ లేదు. 40 మోగుతుండగా ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బాస్ ఒక్కసారి పెరిగిందంటే గాలి కారుతున్నట్టే. మారకపోతే సీల్ సరిగ్గానే ఉంది. నొక్కేటప్పుడు బాడీ మీదున్న చిన్న రంధ్రం వేలి కింద పడకూడదు. అది మూసుకుపోతే కూడా బాస్ మారుతుంది, మీకు తప్పు సమాధానం వస్తుంది.

ఎడమ, కుడి విడివిడిగా చూడండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒకవైపు మీడియం, రెండోవైపు పెద్దది పెట్టుకోవడం చాలామందికి అవసరమే. దీనికి మీ పాత పాటలే మంచి సాధనం. 1950ల సినిమా పాటలు మోనో రికార్డింగులు, అంటే గాత్రం నుదుటి మధ్యలో నిలబడాలి. తర్వాత స్టీరియోగా మార్చిన రూపాలు కాకుండా అసలు రికార్డింగే పెట్టండి. గాత్రం ఒకపక్కకు ఒరిగితే ఇయర్‌ఫోన్లను ఎడమ కుడి మార్చి పెట్టుకుని మళ్లీ వినండి (బుల్లెట్ ఆకారానికి ఇది సులువు). ఒరుగుడు కూడా పక్క మారితే లోపం ఇయర్‌ఫోన్‌లో ఉంది, అక్కడే ఉంటే మీ చెవిలోనో టిప్‌లోనో ఉంది.

పెట్టుకునే తీరు: కుడి ఇయర్‌ఫోన్ కుడిచేత్తో పట్టుకోండి, ఎడమచేతిని తల వెనకనుంచి తెచ్చి కుడి చెవి దొప్పను పైకీ వెనక్కీ లాగండి. నోరు కొంచెం తెరవండి. కాలువలో వంపులు ఉంటాయి, ఇలా లాగితే అవి కాస్త సాఫవుతాయి. కొద్దిగా తిప్పుతూ లోపలికి తోసి, దొప్ప వదలండి. నేరుగా నొక్కితే టిప్ అంచు మడతపడుతుంది. ఆ మడతే సందు.

ఇక సకారం. కాలువ మూసినప్పుడు నాజిల్ కొసకీ కర్ణభేరికీ మధ్య గాలిలో ఒక ప్రతిధ్వని శిఖరం ఏర్పడుతుంది. చెవిలోని వెచ్చటి గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు, దాన్ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే శిఖరం ఎక్కడో తెలుస్తుంది. దూరం 25 మి.మీ. అయితే 7 కిలోహెర్ట్జ్. 22 మి.మీ. అయితే దాదాపు 8. 18 మి.మీ. అయితే 9.7. సకారాల పదును ఎక్కువగా ఉండేది 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. నాజిల్ గుమ్మంలో ఆగితే శిఖరం సరిగ్గా వాటి నెత్తిన కూర్చుంటుంది. మూడు నాలుగు మి.మీ. లోపలికి వెళితే వాటిని దాటి పైకి పోతుంది. సమీక్షల్లో కనిపించే గ్రాఫులను చాలావరకు ఈ శిఖరం 8 కిలోహెర్ట్జ్ దగ్గర పడేలా సర్ది కొలుస్తారు. మీ చెవిలో అది అక్కడే ఉంటుందన్న హామీ లేదు. అందుకే గ్రాఫులో 6 కిలోహెర్ట్జ్ పైన కనిపించే చిన్నచిన్న ఎత్తుపల్లాలను చూసి ఇయర్‌ఫోన్ కొనవద్దని చెబుతాను.


మోర్సింగ్77:

నా సూచన వేరు. కచేరీ వినడానికి ఒక్క డైనమిక్ డ్రైవర్ చాలదు. ఒక డైనమిక్, మూడు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఇంకో రకం చిన్న డ్రైవర్లు) ఉన్న హైబ్రిడ్ తీసుకోండి. వయొలిన్, ఘటం, మోర్సింగ్ విడివిడిగా నిలబడతాయి. ఈ టిప్పుల కుస్తీ తప్పుతుంది.


ఓమ్_కొలత:

మోర్సింగ్77 గారూ, డ్రైవర్లు ఎన్నున్నా సీల్ లేకపోతే కింది శబ్దం అలాగే పోతుంది. కుస్తీ తప్పదు, పైగా నాలుగు డ్రైవర్లు పట్టే బాడీ పెద్దది. వారి మొదటి ఫిర్యాదే బాడీ నొప్పి. వాయిద్యాలు విడిగా తెలియడం 1 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ట్యూనింగ్ ఎంత సాఫుగా ఉందన్న దాని మీద, బాస్ మధ్య శబ్దాల మీదికి ఎంత పొంగిందన్న దాని మీద ఆధారపడుతుంది. డ్రైవర్ల లెక్క మీద కాదు. ఎటిమోటిక్ ఈఆర్4 1991లో వచ్చింది, అందులో ఉన్నది ఒకే ఒక్క ఆర్మేచర్. వాయిద్యాలను విడదీసి చూపడంలో దాన్ని నేటికీ గీటురాయిగా పెట్టుకునేవాళ్లున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బహుళ ఆర్మేచర్ల సెట్లలో ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు, ఓముల్లో కొలుస్తారు) అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకటి కాదు, ఒకచోట 8 ఓములు, ఇంకోచోట 40 ఉండొచ్చు. పాత ల్యాప్‌టాప్ జాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 10 ఓములుంటే ఆ ట్యూనింగే మారిపోతుంది. ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే తక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ఫోను, ల్యాప్‌టాప్ వాడాలన్న లెక్క అందుకే వచ్చింది. ఒకే డైనమిక్ ఉన్నవాటికి ఈ బెడద చాలా తక్కువ.

శ్రుతిపెట్టె గారూ, పోల్చేముందు శబ్దం సమం చేయండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా. ఒక డెసిబెల్ ఎక్కువ మోగినది 'నిండుగా, స్పష్టంగా' ఉన్నట్టు అనిపిస్తుంది, గట్టిగా ఉన్నట్టు అనిపించదు. మోసం అక్కడే.

పెట్టె మీది సెన్సిటివిటీ అంకె (ఎంత విద్యుత్తుకు ఎంత శబ్దం వస్తుందో చెప్పేది) చూసేటప్పుడు అది మిల్లీవాట్‌కా, వోల్టుకా చూసుకోండి. మిల్లీవాట్ అంకెను వోల్టుకు మార్చాలంటే 32 ఓముల సెట్‌కు సుమారు 15 కలపాలి, 16 ఓముల సెట్‌కు 18. అంటే రెంటి మీదా 100 అనే ఉన్నా, ఫోను ఒకే వాల్యూమ్‌లో 16 ఓములది 3 డెసిబెళ్లు గట్టిగా మోగుతుంది. ఇది మొదటి అంచనాకు మాత్రమే. అసలు సమం చేయడానికి 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య మాత్రమే ఉన్న హిస్ లాంటి నాయిస్ ఫైల్ వాడండి. అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉన్న పింక్ నాయిస్ వాడితే బాస్ ఎక్కువున్న సెట్ లెక్క తప్పిస్తుంది. ఫోను వాల్యూమ్ మెట్లు పెద్దవి, ఒక్కో మెట్టు రెండు మూడు డెసిబెళ్లు ఉంటుంది. కాబట్టి ప్లేయర్ యాప్‌లోని ప్రీయాంప్‌ను (మొత్తం శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే సెట్టింగు) అర డెసిబెల్ చొప్పున కదిపి సరిచేయండి, ఆ అంకె రాసిపెట్టుకోండి. ఆపిల్ యూఎస్‌బీ-సి డాంగిల్ (ఫోనుకు ఇయర్‌ఫోన్ జాక్ కలిపే చిన్న తీగ) వాడుతుంటే ఒక మాట: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని గరిష్ఠ శబ్దం తగ్గిపోయి వస్తుంది. అది ఇయర్‌ఫోన్ బలహీనత కాదు.

ఆ తర్వాత ఒకే పాటలో ఇరవై, ముప్పై సెకన్ల ముక్క తీసుకుని అదే ముక్క రెంటిలో వినండి. ఆలాపన ఒకటి, తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) ఒకటి, గాత్రంలో సకారాలున్న చరణం ఒకటి చాలు. శ్రద్ధగా వినేటప్పుడు తేడా గట్టిగా అనిపించినది, పూర్తి కచేరీ విన్నాక అలసటగా తేలవచ్చు. కాబట్టి ఆఖరి పరీక్ష గంట సేపటిదే అవ్వాలి, అది కూడా రోజుకు ఒక్క సెట్‌తోనే.


చెవిదొప్ప:

నొప్పి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. 'చెవి నొప్పి' అంటే చాలదు, ఎక్కడో వేలు పెట్టి చూపాలి.

కాలువ గుమ్మం చుట్టూ ఉంగరంలా నొప్పి వస్తే కారణం టిప్ పెద్దది కావడం, లేదా నాజిల్ లావు. 6 మి.మీ. పైన నాజిల్, దానిమీద సిలికాన్ మందం కలిపితే 7 మి.మీ. కాలువలో మెత్తగా నలగడానికి చోటే మిగలదు. అక్కడ టిప్ చిన్నది చేస్తే లాభం లేదు, ఎందుకంటే ఒత్తేది గట్టి ప్లాస్టిక్. పలచటి సిలికాన్‌తో, నాజిల్ కొసను దాటి ముందుకు సాగే పొడవాటి టిప్ వేస్తే లోపలికి వెళ్లేది మెత్తటి భాగం, నాజిల్ గుమ్మం బయటే ఆగుతుంది. కొంత ఉపశమనం వస్తుంది, పూర్తిగా కాదు.

దొప్ప లోపలి గిన్నె అంచున, ముఖ్యంగా వెనక మడత దగ్గర ఒకే బిందువులో ఎర్రబడితే అది బాడీ ఆకారం. టిప్ మార్చినా పోదు, ఒకటి తప్ప: ఒక సైజు పెద్ద టిప్ వేస్తే బాడీ ఒకటి రెండు మి.మీ. బయటికి జరుగుతుంది, ఒత్తే అంచు వదులుతుంది. దానికి బదులు నాజిల్ పైపైకి వస్తుంది కాబట్టి పైన వినికిడి_ప్రియ గారు చెప్పిన శిఖరం కిందికి దిగుతుంది. సౌకర్యం, శబ్దం ఒకదాన్నొకటి లాగేది ఇక్కడే.

చెవి పైభాగంలో, కళ్లజోడు కాడ ఆనేచోట నొప్పైతే అది కేబుల్ హుక్. కేబుల్ ఊడదీసే రకమైతే మెత్తటి కేబుల్ వేస్తే సరిపోతుంది. కేబుల్ కొస 0.78 మి.మీ. టూ-పిన్ (రెండు పిన్నులతో గుచ్చేది) అయితే ఒక జాగ్రత్త: ఒకవైపు పిన్నులు తిరగబడితే ఆ వైపు ధ్వని వ్యతిరేక ఫేజ్‌లో వస్తుంది (ఒకవైపు పొర ముందుకు కదిలితే రెండోవైపుది వెనక్కి). బాస్ ఖాళీ అవుతుంది, గాత్రం మధ్యలో నిలవదు. సీల్ పోయిందనుకుని టిప్పులు మారుస్తూ కూర్చుంటారు.

నొప్పి కాకుండా లోపల బిగపట్టినట్టు, విమానంలో చెవులు మూసుకుపోయినట్టు ఉంటే అది ఒత్తిడి. పెట్టుకునేటప్పుడు చిటచిటమని శబ్దం రావడమూ దాని గుర్తే, డ్రైవర్ పొర ఒంగుతోంది. నోరు తెరిచి నెమ్మదిగా పెట్టుకోవాలి. బాడీలో ఒత్తిడి రంధ్రం ఉన్న మోడళ్లలో ఇది తక్కువ, కానీ ఆ రంధ్రం గుండా రైలు మోతా కొంచెం లోపలికొస్తుంది.

దురద, పొక్కులు, చీము, వినికిడి మందగించడం ఉంటే టిప్పుల చర్చ ఆపి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.


శ్రుతిపెట్టె:

అందరికీ ధన్యవాదాలు. 40 హెర్ట్జ్ పరీక్షలో బుల్లెట్ రకానికి ఎడమవైపు సీల్ లేదని తేలింది. ఎడమకు పెద్ద టిప్, కుడికి మీడియం వేస్తే తొప్పి వచ్చింది, సకారం సగానికి సగం తగ్గింది. రెసిన్‌ది దొప్ప వెనక మడత దగ్గరే ఒత్తుతోంది.

ఇప్పుడు కొత్త ఇబ్బంది: బుల్లెట్ పెట్టుకుని నడిస్తే అడుగుల చప్పుడు తలలో మోగుతోంది, కేబుల్ చొక్కాకు రాసుకున్నా వినిపిస్తోంది. ఫోమ్ (స్పాంజి) టిప్స్ వేస్తే పోతుందా? మిగిలిన సకారాన్ని ఈక్వలైజర్‌తో తగ్గించొచ్చా?


వినికిడి_ప్రియ:

అవి రెండు వేర్వేరు చప్పుళ్లు. అడుగులు, నమలడం, సొంత గొంతు మోగడం సీల్ కుదిరిందనడానికి గుర్తు. ఎముక, మెత్తటి కండ గుండా కాలువలోకి వచ్చే ధ్వని మామూలుగా బయటికి పోతుంది, ఇప్పుడు మూత పడింది కాబట్టి లోపలే ఉండిపోతోంది. అది పుట్టేది ఎక్కువగా కాలువ బయటి సగంలో, మెత్తటి మృదులాస్థి గోడల నుంచి. టిప్ ఇంకా లోపలికి దిగితే తగ్గుతుంది, గుమ్మంలో మూస్తే పెరుగుతుంది.

కేబుల్ రాపిడి వేరు. బుల్లెట్ రకాన్ని కూడా కేబుల్ చెవి పైనుంచి తిప్పి పెట్టుకోవచ్చు, ఎడమ కుడి మార్చుకుంటే కొన్నిటికి ఇంకా బాగా కుదురుతుంది (అప్పుడు ప్లేయర్‌లో ఛానెళ్లు కూడా మార్చుకోండి). గడ్డం కింద స్లైడర్ పైకి జరిపి, చొక్కాకు క్లిప్ పెడితే చాలావరకు పోతుంది.

ఫోమ్ రైల్లో పనికొస్తుంది. వేళ్ల మధ్య సన్నగా చుట్టి, లోపల పెట్టి, ఉబ్బేదాకా ఇరవై ముప్పై సెకన్లు వేలితో ఆపి పట్టుకోవాలి. చాలామంది వెంటనే వదిలేస్తారు, అది బయటికి జారి ఉబ్బుతుంది. పైశబ్దాన్ని కొంచెం మింగుతుంది కాబట్టి మీ సకారానికీ మంచిదే. అయితే నాజిల్ ముందు ఫోమ్ కూరుకుపోయి రంధ్రం మూసేస్తే శబ్దం మందకొడిగా అవుతుంది, తీసి చూసుకోండి. చెమటకు కొన్ని నెలల్లో గట్టిపడుతుంది. అది మార్చాల్సిన సరుకే, కడిగి దాచుకునేది కాదు.

ఈక్వలైజర్ తప్పకుండా వాడొచ్చు, కానీ గ్రాఫు చూసి కాదు. టోన్‌ను 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి, వాల్యూమ్ తక్కువే ఉంచండి. మీ చెవిలో ఎక్కడ ఒక్కసారి ఎగసిందో అక్కడ క్యూ (తగ్గించే పట్టీ ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 3 లేదా 4 పెట్టి 3 డెసిబెళ్లు తగ్గించండి. చాలకపోతే 5 దాకా వెళ్లండి, అంతకు మించితే గాత్రంలో ప్రాణం పోతుంది. బాస్ పెంచదలిస్తే అంతే మేర ప్రీయాంప్ తగ్గించాలి, లేకపోతే గట్టి దెబ్బల దగ్గర శబ్దం చీలుతుంది. సీల్ లేని చెవికి మాత్రం ఈక్వలైజర్‌తో బాస్ పెంచకండి, డ్రైవర్ ఊగడమే తప్ప వినిపించేదేమీ ఉండదు.


ఓమ్_కొలత:

మూడోది కొనే ప్రశ్న మిగిలింది. మీ దొప్ప గిన్నె చిన్నదని తేలింది కాబట్టి పెద్ద రెసిన్ బాడీలు, లావు నాజిళ్లు పక్కన పెట్టేయండి. ట్రూథియర్ జీరో ట్యూనింగ్ మీద మంచి మాటలు చాలా వింటారు, నిజమే. కానీ అందులో 10, 7.8 మి.మీ. డ్రైవర్లు రెండున్నాయి, నాజిల్ లావు. మీ కొలతకు అది మళ్లీ అదే నొప్పి.

చూడదగ్గవి మూడు దారులు. సెన్‌హైజర్ ఐఈ 200 బాడీ బాగా చిన్నది, 7 మి.మీ. డ్రైవర్ ఒక్కటే, కేబుల్ చెవి పైనుంచి. దాని నాజిల్ మీద టిప్‌ను రెండు స్థానాల్లో బిగించవచ్చు, స్థానం మారితే బాస్ మారుతుంది. రెండు వైపులా ఒకే స్థానంలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఎడమ కుడి తేడా వస్తుంది. మీరు ఇప్పుడున్న బుల్లెట్ ఆకారాన్నే ఇష్టపడితే ఫైనల్ ఈ3000 ఉంది, మెత్తటి ట్యూనింగ్, సకారం గుచ్చదు, కానీ కేబుల్ ఊడదు. కేబుల్ తెగితే మొత్తం పోయినట్టే. మూడోది ఎటిమోటిక్ ఈఆర్2. మూడు అంచుల టిప్ కాలువలో లోతుగా దిగుతుంది, రైలు మోత ఎంతో తగ్గుతుంది, అడుగుల చప్పుడూ తక్కువ. ఎస్‌ఈ, ఎక్స్‌ఆర్ అని రెండు రకాలు, తొప్పి నిండుగా కావాలంటే ఎక్స్‌ఆర్. లోతుగా పెట్టుకోవడం కొందరికి ఎప్పటికీ నచ్చదు, కేబుల్ రాపిడి కూడా దానికి ఎక్కువే. అందుకే ముందు పెట్టుకుని చూసే వీలు లేకపోతే మీకు ఐఈ 200 అంటాను.

రైల్లో మోత తగ్గడం కేవలం సుఖం కోసం కాదు. రైలు మోత కింది శబ్దమే, అది తంబూరాను కప్పేస్తుంది కాబట్టి చెయ్యి తెలియకుండా వాల్యూమ్ పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ల దగ్గర. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. మీరు వినే గంటలకు ఇది ముఖ్యం.


చెవిదొప్ప:

ఒకటి చేరుస్తాను. సీల్ బాగున్నా కొన్ని నెలలకు ఒకవైపు శబ్దం తగ్గితే నాజిల్ జాలీలో గుబిలి చేరినట్టు. టిప్ తీసి, జాలీ నేలవైపు ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో తుడవండి. పైకి పట్టుకుని తుడిస్తే మురికి లోపలికే పోతుంది. నోటితో ఊదకండి, సూది పెట్టకండి. టిప్పులను మాత్రం గోరువెచ్చని సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరాక తొడగండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చెమట, ఉప్పుగాలి కలిసి జాలీ తడిసి ఒకవైపు సన్నగా వినిపించడం మామూలే. టిప్పులు తీసి సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో రాత్రంతా ఉంచండి. హెయిర్ డ్రయర్ వేడి తగిలిస్తే డ్రైవర్ పొర అతుకు ఊడుతుంది.